అరవై ఎనిమిదేళ్ళకు ఏ వయసు కుక్క?

సరస్వతి గారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వయసు 68. భర్త పోయాక సైనిక్‌పురిలో రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఒక్కరే ఉంటున్నారు. కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉన్న కూతురు, అమ్మకు తోడుంటుందని రెండు నెలల బీగిల్ పిల్లకు బయానా ఇచ్చేసింది. ఆడపడుచు ఉమకు 57. ఆదివారాలు ఊరి చివర ఒక జంతువుల షెల్టర్‌కు వెళ్ళి బోనులు కడుగుతుంది, పుళ్ళకు మందు రాస్తుంది. పిల్ల వద్దు, షెల్టర్‌లో ఉన్న ముసలి కుక్కను తెచ్చుకోమని ఆమె పోరు. అసలు కుక్కే వద్దన్నది వదినగారి మాట. తప్పదంటే పిల్లే నయమంటారు. ఇద్దరూ నాకు బంధువులే. నేనెటువైపో చదువుతుంటే మీకే తెలిసిపోతుంది, దాచలేదు.

వదిన: ముసలి కుక్కను తెచ్చుకోవడమంటే తెచ్చిన రోజే దాని తద్దినానికి తిథి చూసుకోవడం. ఇంట్లోకి ప్రాణం వస్తే అది పెరగాలి గానీ తరగకూడదు.

ఉమ: పెరిగేదాన్నే తెచ్చుకోండి. బీగిల్ 13 ఏళ్ళు బతుకుతుంది. మీకు 68. లెక్కల టీచరుగారు, మీరే కూడండి.

వదిన: 81. అయితే? మామిడి టెంక పాతేవాడు కాయ కోసేదాకా ఉంటాననే పాతుతాడా?

ఉమ: నీళ్ళు పోసే చెయ్యి మారినా మామిడి కాస్తుంది. అన్నం పెట్టే చెయ్యి మారితే కుక్క తిండి మానేస్తుంది వదినా. వారాల తరబడి గోడవైపు తిరిగి పడుకునేవాటిని చూస్తున్నాను.

వదిన: నా తర్వాత నువ్వు చూసుకో.

ఉమ: అప్పటికి నాకు 70. మోకాళ్ళు ఇప్పుడే మొరాయిస్తున్నాయి. మీ అమ్మాయి వచ్చి కాలిఫోర్నియా తీసుకెళ్తుందా?

వదిన: తీసుకెళ్ళదు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ నీ వాదన ఎక్కడికి పోతోందో చూసుకున్నావా? వయసైనవాళ్ళు పసిదాన్ని పెంచకూడదు, ముసలిదాన్నే పెంచాలి. అంటే ముసలివాళ్ళమంతా ఓ మూల చేరి మందూ మాకూ పంచుకుంటూ కూర్చోవాలి. వృద్ధాశ్రమం వద్దనే కదా నేనీ ఫ్లాట్‌లో ఉంటున్నది!

ఉమ: మీ అమ్మాయి ఊరికి గంట దూరంలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో మట్‌విల్ అని ఉంది. 2007లో పెట్టారు. ఏడేళ్ళు దాటిన కుక్కలకే ఆ షెల్టర్. పెద్దవయసు వాళ్ళకు పెద్దవయసు కుక్కల్ని ఇచ్చే పథకం కూడా నడుపుతారు. వాళ్ళెవరూ దాన్ని వృద్ధాశ్రమం అనుకోవడం లేదు.

వదిన: అమెరికా మాటలు నాతో చెప్పకు. అక్కడ కుక్కకు కూడా ఇన్సూరెన్సు కట్టుకుంటారు.

ఉమ: సరే, వయసు పక్కన పెట్టి పని సంగతి చూద్దాం. రెండు నెలల పిల్ల రెండు గంటలకోసారి పోస్తుంది, రాత్రిళ్ళు కూడా. ఆరు వారాల వయసు నుంచి టీకాలు, మూడు నాలుగు వారాలకో డోసు. మూడో నెలలో రేబిస్‌ది. అన్నీ అయ్యేసరికి నాలుగో నెల. అందాకా పార్వో జబ్బు భయానికి కిందికి దింపకూడదు. అంటే రోజంతా పేపర్లు పరవడం, తీయడం, వంగడం, లేవడం. పళ్ళొచ్చే రోజుల్లో చెప్పులు, చార్జరు వైర్లు, పట్టుచీర అంచులు, ఏదీ మిగలదు. తర్వాత వీధిలోకి తీసుకెళ్తే, బీగిల్‌ది కుందేళ్ళ వేటకు పెంచిన జాతి కదా, ముక్కుకు వాసన తగిలిందంటే గొలుసు పట్టుకున్నవాళ్ళను ఈడ్చుకుపోతుంది. మీ వయసులో పడితే విరిగేది తుంటి ఎముక.

వదిన: తొమ్మిదో తరగతి బి సెక్షన్‌ను దారిలో పెట్టినదాన్ని. నాకు బీగిల్ ఓ లెక్కా?

ఉమ: తొమ్మిదో తరగతి సాయంత్రమయ్యేసరికి ఇంటికి పోయేది వదినా.

వదినగారు నవ్వారు. నవ్వితే ఒప్పుకున్నట్టు కాదని ఆవిడ దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ తెలుసు.

వదిన: ఇంతకీ నువ్వు చూసిపెట్టిన ఆ లాబ్రడార్‌కి ఎన్నేళ్ళు?

ఉమ: పది.

వదిన: ఏడుతో హెచ్చవేస్తే 70. నాకన్నా పెద్దది.

ఉమ: ఆ ఏడు లెక్క తప్పని తేల్చారు. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు వందకు పైగా లాబ్రడార్ల డీఎన్‌ఏ మీద వయసు వల్ల పడే గుర్తుల్ని మనుషుల వాటితో పోల్చి చూశారు. 2020లో అచ్చైంది. కుక్క వయసుకు సహజ సంవర్గమానం తీసి, 16తో గుణించి, 31 కలపాలట.

ఇక్కడ వదినగారి కళ్ళు మెరిశాయని చెప్పక తప్పదు. పాలప్యాకెట్ల బిల్లు వెనక్కి తిప్పి పెన్ను తీశారు.

వదిన: పదికి 2.303. పదహార్లతో 36.8. ముప్పై ఒకటి కలిపితే 67.8. నా ఈడుదే. బాగుంది. ఇప్పుడు ఏడాది కుక్కకు వేసి చూడు. ఒకటికి సంవర్గమానం సున్నా, కాబట్టి 31. ఏడాది తిరిగేసరికి కుక్క 31 ఏళ్ళ మనిషైపోతుందా? మరి ఇందాక నన్నెందుకు భయపెట్టావ్? ఒక్క ఏడాది ఓపిక పడితే నా బీగిల్ ఉద్యోగం చేసుకునే వయసుకొస్తుంది!

ఉమ: అది డీఎన్‌ఏ వయసు, బుద్ధి వయసు కాదు.

వదిన: మరి నీ ముసలిదానికి మాత్రం అదే బుద్ధి వయసని ఎలా చెబుతున్నావ్? ఒక్క జాతి మీద వేసిన సూత్రాన్ని నీకు నచ్చిన చోట వాడి, నచ్చని చోట వదిలేస్తే మార్కులు వెయ్యను.

ఉమ: మార్కులు వద్దు. సూత్రం లేకుండానే చెబుతాను. పెద్దయ్యాక ఎంత పొడవుంటుందో, పిల్లల్ని చూస్తే ఏం చేస్తుందో, టపాసులకు మంచం కింద దూరుతుందో లేదో, పిల్లలో కనపడవు. పదేళ్ళ కుక్కలో అన్నీ తెలిసిపోతాయి. పెరిగేదేదో పెరిగిపోయింది.

వదిన: తెలిసేది ఎవరికి? షెల్టర్ వాళ్ళకి. వాళ్ళకు దాన్ని వదిలించుకోవాలనుంటుంది. బోనులో మూడు నెలలు నీరసపడి ముడుచుకున్నదాన్ని సాధుజంతువనుకుని తెచ్చుకుంటాను. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాక అసలు గుణం బయటపడుతుంది. పనిమనిషి పిక్క పట్టుకుంటే?

ఉమ: అది ఒప్పుకుంటాను. షెల్టర్‌లో కనిపించేది సగమే. అందుకే మేం మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని చెబుతుంటాం. మూడు రోజులు బెదిరిపోయి ఉంటుంది, మూడు వారాలకు ఇంటి వేళలు తెలుస్తాయి, మూడు నెలలకు ఇల్లు తనదనుకుంటుంది. ఆ మాట చెప్పకుండా కుక్కను అంటగట్టే వాళ్ళూ ఉన్నారు. అలాంటి చోట తీసుకోవద్దు. వారం పదిరోజులు వెళ్ళి నడిపించి, తినేటప్పుడు గిన్నె దగ్గరకు చెయ్యి పెడితే ఏమంటుందో మా వాళ్ళచేత చేయించి చూడండి.

వదిన: ఇంతకీ ఇవి అక్కడికి ఎలా చేరుతున్నాయి? ఏ కుక్కా తనంతట తాను ఆటో ఎక్కి రాదు కదా.

ఉమ: వీసా వస్తుంది. ఇల్లు మారతారు, కొత్త ఓనరు కుక్కలొద్దంటాడు. కడుపుతో ఉన్న కోడలికి మంచిది కాదని ఎవరో చెబుతారు. ఈ లాబ్రడార్ కథ వేరు. పిల్లల కోసమే ఉంచిన తల్లి. పొట్ట చూస్తే తెలుస్తుంది, పాలచన్నులు వేలాడిపోయి ఉంటాయి. 2017లో కుక్కల పెంపకందార్లకు కేంద్రం రూల్సు పెట్టింది. ఎనిమిదేళ్ళు దాటిన ఆడకుక్కకు కాన్పు చేయించకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. దీన్ని మాత్రం కాన్పులు ఆగిపోయాక ఓ రాత్రి షెల్టర్ గేటుకు కట్టేసి వెళ్ళారు.

వదిన: కేసు పెట్టలేకపోయారా?

ఉమ: 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కారణం లేకుండా జంతువును వదిలేయడం నేరమే. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు.

వదిన: యాభై! ఆ గొలుసే అంతకంటే ఎక్కువ ఖరీదు చేస్తుంది. సరే, అయితే నా అసలు ప్రశ్న విను. గేటు దగ్గర కట్టేసి పోయినవాడికి మీరే కదా ధైర్యం? ఉమలాంటి వాళ్ళు ఉన్నారు, సరస్వతిలాంటి ముసల్దాన్ని వెతికి అంటగడతారు అన్న నమ్మకంతోనే కడుతున్నాడు. మీరు ముసలివాటిని తీసుకున్నకొద్దీ వాళ్ళు వదిలేస్తూనే ఉంటారు. నీ పుణ్యం వాడి వ్యాపారంలో ఒక ఖర్చు తగ్గించింది, అంతే.

ఉమ చాలాసేపు టీ కప్పు తిప్పుతూ కూర్చుంది. ఈ ప్రశ్నకు పూర్తి జవాబు ఆమె దగ్గర లేదు. నా దగ్గరా లేదు.

ఉమ: మేం తీసుకోకపోతే వాడు మానేస్తాడా? గేటుకు బదులు ఔటర్ రింగ్ రోడ్డు మీద దింపుతాడు. వాడికి ధైర్యం ఇచ్చేది మేం కాదు వదినా, ముప్పై వేలు పెట్టి పిల్లను కొనేవాళ్ళు. మీ అమ్మాయి ఇచ్చిన బయానా అక్కడికే పోయింది. ఆ బీగిల్ తల్లి ఎక్కడుందో, ఎన్నో కాన్పో అడిగారా?

వదిన: అడగలేదు. అడుగుతాను. కానీ కొనకూడదంటే వీధిలో పిల్లలున్నాయి. 2025 ఆగస్టులో జలగం వెంగళరావు పార్కులో జీహెచ్‌ఎంసీ వాళ్ళు వీధికుక్క పిల్లల దత్తత మేళా పెట్టారు, పేపర్లో చూశాను. ఊరికే ఇచ్చారు. వాటికి ముందు బతుకంతా ఉంది. నీ లాబ్రడార్‌కి పెట్టే మందుల డబ్బుతో ఎన్నిటికి టీకాలు వేయొచ్చో లెక్కకట్టు. జాలి కూడా ఎక్కడ పెడితే ఎక్కువ పనిచేస్తుందో చూసి పెట్టాలి.

ఉమ: ఆ లెక్క నేను షెల్టర్‌లో రోజూ వేస్తాను. ఒక బోను ఉందనుకోండి. వీధికుక్కను తెచ్చి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవి కొస కత్తిరించి, కోలుకోగానే తెచ్చిన వీధిలోనే వదిలేయాలి. 2001 నుంచీ రూల్సు అవే, 2023లో కొత్తవి వచ్చినా ఆ మాట మారలేదు. అంటే బోను నాలుగైదు రోజుల్లో ఖాళీ అవుతుంది, ఇంకోదానికి పనికొస్తుంది. నాలుగు గోడల మధ్య పెరిగిన ముసలి లాబ్రడార్‌ను ఏ వీధిలో వదలాలి? దానికి వీధి లేదు. ఒక్కసారి బోనెక్కితే పోయేదాకా అక్కడే. రెండేళ్ళు, మూడేళ్ళు. పైగా 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోంచి పట్టిన కుక్కల్ని తిరిగి అక్కడ వదలొద్దు, షెల్టర్లలో పెట్టమంది. చోటెక్కడిది? ఒక ముసలి కుక్క ఒక ఇంటికి వెళ్తే ఖాళీ అయ్యేది ఒక బోను కాదు, మూడేళ్ళ పాటు ఆ బోనులోంచి తిరిగి వెళ్ళే వీధికుక్కలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మీరు వీధికుక్కల కోసమే ఆలోచిస్తే కూడా ముసలిదాన్నే తీసుకోవాలి.

వదిన: హుఁ. ఈ లెక్క బాగా చెప్పావు.

ఆవిడ నోట ఆ మాట రావడం పెద్ద సంగతి. కానీ మెచ్చుకున్నది లెక్కను, కుక్కను కాదు.

వదిన: బరువెంత?

ఉమ: ముప్పై కిలోలు. కొంచెం తగ్గాలి.

వదిన: వెనక కాళ్ళు పడిపోతే రెండో అంతస్తు నుంచి ఎవరు దింపాలి? మా లిఫ్టు కరెంటు పోతే ఆగుతుంది, జనరేటరుకు దాన్ని కలపలేదు. లాబ్రడార్లకు తుంటి కీళ్ళు అరుగుతాయని నువ్వే చెప్పావు.

ఉమ: కడుపు కింద తువ్వాలు వేసి పట్టుకుంటే... కాదు, నిజమే. మీరొక్కరూ చెయ్యలేరు. లాబ్రడార్ సంగతి వదిలేస్తాను.

వదిన: అప్పుడే వదిలేశావా! ఇంకా అసోసియేషన్ వాళ్ళ గొడవ దాచుకున్నాను.

ఉమ: దానికి భయం లేదు. పెంపుడు జంతువుల్ని అసోసియేషన్ నిషేధించకూడదని, లిఫ్టు ఎక్కనివ్వకపోవడం కుదరదని జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది.

వదిన: మండలి చెబుతుంది. మూడో అంతస్తు మూర్తిగారికి ఎవరు చెబుతారు? సరే, రోగాల సంగతి చెప్పు. దాచకుండా.

ఉమ: మొదట పళ్ళ సంగతి. గార కట్టి చిగుళ్ళు కుళ్ళి ఉంటాయి, నోటి వాసన అదే. కళ్ళు నీలంగా మసకేస్తే అన్నీ శుక్లాలు కావు, చాలావాటికి అది వయసు పొర, చూపు ఉంటుంది. ఆపరేషన్ కాని ఆడకుక్కకు గర్భసంచిలో చీము పడుతుంది, రొమ్ములో గడ్డలు వస్తాయి. అందుకే ఇచ్చే ముందే మేం ఆపరేషన్ చేయిస్తాం. మన ఊళ్ళో గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ ఒకటి, ఏ వయసుకైనా వస్తుంది. గుండె, కిడ్నీ రక్తపరీక్షలో తెలుస్తాయి. నొప్పి పుడుతోందని మీ పారాసెటమాలో, బ్రూఫెనో, డైక్లోఫెనాకో మాత్రం వేయకూడదు. మనకు పనిచేసే మాత్ర దాని ప్రాణం తీస్తుంది. నున్నటి టైల్స్ మీద జారతాయి, నడిచే దారిలో పట్టలు పరవాలి. ఖర్చు భయమైతే పూర్తిగా దత్తత తీసుకోనక్కర్లేదు. ఫోస్టర్‌గా ఉంచుకోండి. కుక్క పేరు షెల్టర్ మీదే ఉంటుంది, వైద్యం ఖర్చు షెల్టర్‌ది, ఇల్లూ తిండీ మీవి.

వదిన: ధర్మరాజు స్వర్గానికి తీసుకెళ్ళిన కుక్క కథ ఇంకా ఎత్తలేదేం? దాని కోసమే ఎదురుచూస్తున్నాను.

ఉమ: ఎత్తను. మీరేమంటారో తెలుసు.

వదిన: అంటాను మరి! ఆ కుక్క ఆయన వెంటపడి వచ్చింది. ఆయన షెల్టర్‌కు వెళ్ళి ఫారం నింపలేదు. పైగా అది కుక్క వేషంలో ఉన్న ధర్మదేవత. దానికి కీళ్ళ నొప్పుల్లేవు.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత వదినగారు అన్న మాట కోసమే ఇంతసేపటి వాదన జరిగిందని నాకు అనిపిస్తుంది. లెక్కలూ చట్టాలూ అన్నీ దాని చుట్టూ కట్టిన ప్రహరీ.

వదిన: చూడు ఉమా. మీ అన్నయ్యకు రెండేళ్ళు డయాలసిస్ చేయించాను. వారానికి మూడుసార్లు. నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇచ్చాను. దాహం వేస్తోందే అని అడుగుతుంటే ఇవ్వకుండా కూర్చున్నాను. ఇంకో ముసలి ప్రాణానికి మాత్రలు అన్నంలో కలిపి తినిపించడం నావల్ల కాదు. ముద్దుగా గంతులేసే పిల్ల అయితే మొదటి పదేళ్ళు ఆ బాధ ఉండదు. ఆ పదేళ్ళ తర్వాత నేనుండను. స్వార్థమే. అనుకుంటే అనుకో.

ఉమ: అనుకోను.

వదిన: నువ్వేమైనా చెప్పు మరి.

ఉమ: చెప్పడానికేం లేదు వదినా. మీకు వద్దనిపిస్తే తెచ్చుకోకూడదు. అన్నయ్యకు లేని ఒక్క వెసులుబాటు కుక్కకు ఉంటుంది. నయం కాదని తేలి, బాధ పడుతుంటే డాక్టరు ఇంజక్షనుతో నిద్రపుచ్చుతాడు. చట్టం ఒప్పుకుంటుంది.

వదిన: ఆ కాగితం మీద సంతకం నేనే పెట్టాలి కదా.

ఉమ: ఫోస్టర్ అయితే షెల్టర్ వాళ్ళు పెడతారు. కానీ పక్కన కూర్చోవాల్సింది మీరే. అది తప్పించలేను.

వదినగారు లేచి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు సర్దుతున్న చప్పుడు చేసి, తిరిగి వచ్చారు.

వదిన: లాబ్రడార్ వద్దన్నావు కదా. ఇంకేదైనా ఉందా, చిన్నది?

ఉమ: ఒకటుంది. తెల్లబొచ్చు కుక్క, పొమేరియన్ అంటాం గానీ మన ఇండియన్ స్పిట్జ్. ఏడు కిలోలు. తొమ్మిదేళ్ళు దాటాయి. మగది.

వదిన: ఎవరు వదిలేశారు?

ఉమ: వదిలేయలేదు. పెంచుకున్న పెద్దాయన పోయారు. కొడుకులు టెక్సాస్ నుంచి వచ్చి పన్నెండో రోజు అయ్యాక షెల్టర్‌లో ఇచ్చి వెళ్ళారు. డబ్బు కూడా కట్టారు, మర్యాదస్తులే.

వదిన: ఇంతసేపూ ఇది చెప్పకుండా లాబ్రడార్, సంవర్గమానం అంటావేం?

ఉమ: ముందే చెబితే మీ మెడ మీద కత్తి పెట్టినట్టుంటుందని. మొగుడు పోయినామెకు యజమాని పోయిన కుక్క అని ఊళ్ళో వాళ్ళు కథలల్లుతారు. మీకు నచ్చదు.

వదిన: నచ్చదు. నువ్వూ ఇంకెక్కడా అల్లకు. తింటోందా?

ఉమ: ఇప్పుడిప్పుడే. పెరుగన్నం, ఉడికించిన కోడి ముక్కలు. పొద్దున్న ఆరింటికి గేటు దగ్గర కూర్చుంటుంది, ఆయన వాకింగ్ వేళనుకుంటా.

వదిన: ఆరింటికా? నేను ఐదున్నరకే వెళ్తాను. అలవాటు మార్చుకోవాలి. అదే, నేను కాదు. మొరుగుతుందా?

ఉమ: బాగా మొరుగుతుంది. ఆ జాతే అంత. మూర్తిగారు కచ్చితంగా కంప్లైంటు చేస్తారు.

వదిన: అదొక్కటే దానిలో నాకు నచ్చిన గుణం. విను, దత్తత కాదు. ఫోస్టర్, రెండు నెలలు, కాగితం మీద. పళ్ళు ముందే క్లీన్ చేయించి ఇవ్వాలి. ఎప్పుడు ఊరెళ్ళినా నీ ఇంట్లోనే ఉంటుంది. బీగిల్ సంగతి అమ్మాయితో నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడకు, దానికి నీమీద ఇప్పటికే కోపం. ఇంకో సంగతి. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతొచ్చింది?

ఉమ: నమూనా తీశారు, రిపోర్టు రావాలి. కుక్కకు సుమారు ఒకటిన్నర లోపుంటే బాగున్నట్టు.

వదిన: అది రెండు దాటితే నాకు ఫోను చెయ్యకు, ఇంకెవరికైనా ఇప్పించు. నిజంగానే చెబుతున్నాను. రిపోర్టు ఎప్పుడొస్తుంది?

ఉమ: మంగళవారం.

వదిన: మంగళవారం పూట అలాంటి అంకెలు నాకు చెప్పకు. బుధవారం చెయ్యి, పది దాటాక.